చిరగని రేకు

కౌండిన్యగారూ, మీకు తెలుసు. తెలిసే చేశారు. మా ఆడవాళ్ళు ఆ అద్దం బల్ల ముందు కూర్చుని వేళ్ళు తడుపుకుంటుంటే మీరు వెనకాల నిలబడి చూశారు. ఆపలేదు. ఆపకపోగా మర్నాటికల్లా ప్రతి బల్ల పక్కనా నీళ్ళలో నానబెట్టిన స్పాంజి పెట్టించారు. ఇప్పుడేమో "వాళ్ళే తడుపుకున్నారు, మేం చెప్పలేదు" అంటున్నారు. మీ మేనేజరు ప్రశాంత్‌గారిదీ అదే మాట. రిబ్బను కత్తిరించి, ఫొటో దిగి వెళ్ళిపోయిన పెద్దలదీ అదే మాట. అందరికీ ఒక్కటే పాఠం అప్పజెప్పినట్టున్నారు.

ఏం జరిగిందో వరసగా చెప్తాను. అడ్డం రాకండి.

మాది ఆత్రేయపురం అవతల కాలవ గట్టు మీద ఊరు. ఇంటింటా పూతరేకుల పొయ్యి ఉంటుంది. మా అన్నయ్య భార్య వీరవేణి కుండ ముందు కూర్చుందంటే చూడాలి. బియ్యప్పిండిని పల్చటి పాలల్లే కలిపి, అందులో గుడ్డ ముంచి, బోర్లించిన కుండ మీద ఒక్కసారి అలా పరిచి లాగేస్తుంది. గుడ్డ వెళ్ళిపోతుంది, కుండ మీద పొర మిగులుతుంది. సెగలు కక్కే కుండ మీంచి ఆ పొరని గోటితో లేపి పక్కన పెడుతుంది. అడ్డం పెట్టుకుంటే అవతల మనిషి మొహం కనిపించేంత పల్చన.

ఎండిన రేకుని ఉత్తచేత్తో పట్టుకుంటే పొడుమైపోతుంది. అందుకని మడిచే ముందు తడిబట్ట. ఎడమచేతి పక్కన తడిబట్ట లేకుండా మా ఊళ్ళో ఏ ఆడదీ రేకు ముట్టదు. వేళ్ళు బట్టకి అద్దాలి, రేకుకి తడి తగిలించాలి, మెత్తబడిందో లేదో వేలికి తెలియాలి, అప్పుడు మడవాలి. పెళ్ళయి వచ్చిన పిల్లకి అత్తగారు మొదట చూపించేది ఈ తడిబట్టే. కొన్నాళ్ళకి అది బుద్ధిలోంచి పోయి చేతిలోకి వచ్చేస్తుంది. ఎడమ పక్కకి చెయ్యి దానంతటదే పోతుంది.

కౌండిన్యగారు మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు కూడా వదిన రేకులు మడుస్తోంది. ఆయన వెంట హిమజ అని ఒక అమ్మాయి, ఆయన ల్యాబులో చిన్న ఇంజనీరు. పీట వేస్తే ఆయన కూర్చోలేదు. గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు వదిన చేతుల్నే చూశాడు.

"అమ్మా, రేకు ఎక్కడ చిరుగుతుందో మీకు ముందే ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

"చెప్పుద్దండి."

"ఎవరు?"

"రేకేనండి. చిరిగే ముందు చిన్నగా గొణుగుద్ది. మా ఆయన కోపంలో గొణిగినట్టు."

పక్కింటి నాగరత్నం పిన్ని విరగబడి నవ్వింది. "ఆయ్, మీ ఆయన గొణగడమెందుకే, ఊరంతా వినపడేట్టు అరుస్తాడుగా!"

మేమందరం నవ్వాం. కౌండిన్యగారు నవ్వలేదు. వదిన చెయ్యి పట్టుకుని వెల్లకిలా తిప్పి, వేళ్ళ కొసలు ఒక్కొక్కటే చూశాడు. సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు.

తర్వాత చెప్పాడు. గుండెలో చిల్లితో పుట్టే పిల్లలుంటారట. ఛాతీ కొయ్యకుండా, రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి ఆ చిల్లికి అతుకు వెయ్యాలట. అతుకు మా రేకంత పల్చన. గొట్టంలో పట్టేట్టు మడవాలి, లోపలికెళ్ళాక దానంతటది విచ్చుకోవాలి, ఒక్క మడత తప్పినా చిరిగిపోతుంది.

"మా కంప్యూటరుకి మడతల లెక్క తెలుసమ్మా. చిరుగు తెలీదు. అది మీ వేళ్ళే నేర్పాలి" అన్నాడు.

అన్నయ్య సత్తిబాబు కొబ్బరికాయల ట్రాలీ నడుపుతాడు. ఆ మాట విని అరుగు మీంచి లేచి నిలబడ్డాడు. "పిల్లల ప్రాణం నిలబడే పనంటే ఇంకేం కావాలండీ. వెళ్ళు వీరవేణీ. పొయ్యి సెగ తప్పుద్ది కూడాను."

అలా మొదలైంది. రోజూ పొద్దున్న కాలవ వంతెన దగ్గరికి వ్యాను వచ్చేది. రాజమండ్రి అవతల హైవే పక్కన స్పర్శిక అని బోర్డున్న మేడ. నేనూ వెళ్ళాను. నా మడత వంకరగా వస్తోందని వారం తిరక్కుండా బల్ల మీంచి లేపేసి, కాంటీన్లో టీ పనిలో వేశారు. ఆ వంకరే నన్ను కాపాడింది.

ఆ బల్ల ఎలా ఉండేదంటే, పైన నల్లటి అద్దం. కళ్ళజోడు పెట్టుకోగానే అద్దం మీద ఒక కాగితం లేచి నిలబడుతుంది. లేదు అది. ఉన్నట్టు కనిపిస్తుంది. అద్దం మీద రెండు వేళ్ళు దగ్గరికి తెస్తే దాని అంచు లేస్తుంది. బొటనవేలు ఒత్తి లాగితే మడత గీత పడుతుంది. అరచెయ్యి ఆనిస్తే మడత కూర్చుంటుంది. వేలితో పక్కకి విసిరితే కాగితం గాల్లో తిరగబడి వెనక వైపు చూపిస్తుంది. అద్దం కింద సన్నటి కరెంటు పారుతుందని, వేలు కదిలినప్పుడల్లా అది చర్మాన్ని తడుముతుందని, అందుకే లేని కాగితం చేతికి తగిలినట్టుంటుందని హిమజ చెప్పింది.

నాగరత్నం పిన్ని మొదటి రోజు కళ్ళజోడు పెట్టుకుని చుట్టూ చూసింది. "పొయ్యి లేదు, పొగ లేదు, అత్తగారు అసలే లేదు. మనం బతికే ఉన్నామా తాయారూ, పోయామా?"

వదినకి మాత్రం మనసు కుదరలేదు.

"ఇది రేకు కాదండి, అద్దం. అద్దం మీద రేకు బొమ్మేసి రేకంటే ఎలాగండీ" అంది.

"కొద్దిరోజుల్లో అలవాటవుతుంది" అన్నాడు కౌండిన్యగారు.

"పైగా చిరగట్లేదు. చిరగనిదాన్ని మడవటంలో ఏవుందండీ. దుప్పటి మడిచినట్టు."

ఆ మాట ఆయన రాసుకున్నాడు. పది రోజుల్లో చిరిగే కాగితం తయారుచేసి తెచ్చాడు. అప్పట్నించీ వదిన చిక్కుల్లో పడింది. వేసిన ప్రతి మడతా చిరిగేది. చిరిగాక ఎర్రగా మెరిసేది తప్ప చిరగబోతోందని ముందు చేతికి తెలిసేది కాదు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎరుపే. ఇంట్లో కుండ ముందు రాణిలా ఉండే మనిషి బల్ల ముందు తలదించుకుని కూర్చునేది.

నేను టీ ట్రే పట్టుకుని లోపలికెళ్ళిన రోజే అది జరిగింది. వదిన ఎడమచెయ్యి పక్కకి పోయింది. అక్కడ తడిబట్ట లేదు. చెయ్యి ఊరుకోలేదు. చీర కొంగు అందుకుంది, తాగే నీళ్ళ సీసాలో ముంచింది, వేళ్ళు అద్దుకుంది, మళ్ళీ అద్దం మీద పెట్టింది. పెట్టగానే భుజం దాకా ఉలిక్కిపడింది.

"ఏవైంది వదినా?"

ఆమె మొహం వెలిగిపోతోంది. "గొణిగిందే తాయారూ! ఇప్పుడు గొణిగింది!"

ఆ మడత చిరగలేదు. దాని తర్వాతదీ చిరగలేదు. పక్క బల్లల వాళ్ళు చూశారు. ఒక్కొక్కరే కొంగులు తడిపారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అందరి చేతులకీ తెలిసిన పనే కదా. పొడి రేకు ముట్టుకుంటే పాపమని పెరిగిన చేతులు. ముందున్నది కరెంటని, రేకు కాదని ఆ చేతులకేం తెలుసు?

తెలిసినవాళ్ళు వెనకాలే ఉన్నారు. కౌండిన్యగారు తన తెర దగ్గరికి పరిగెత్తాడు. తెర మీద గీతలు కొండల్లా లేస్తున్నాయి. హిమజ గబగబా వచ్చింది.

"సర్, తడి చర్మంలోంచి కరెంటు లోపలికి పోతుంది. ఇది పొడి వేలికని పెట్టిన లెక్క. ఆపించండి సర్."

"ఈ సిగ్నల్ చూశావా హిమజా? మనం వెతుకుతున్నది ఇదే."

"సర్, వాళ్ళ నరాలు..."

"చిన్న కరెంటు. ఏం కాదు. ఆవిడ మొహం చూడు, ఎంత సంతోషంగా ఉందో!"

టీ పోస్తూ విన్నాను. కరెంటు, లెక్క, సిగ్నల్ అన్న మాటలు ఆ రోజు నా చెవికి తగిలాయి కానీ బుర్రకెక్కలేదు. మర్నాడు బల్ల బల్లకీ తడి స్పాంజి వచ్చింది. అందంగా, స్టీలు గిన్నెలో.

ఆ తర్వాత పని పరుగెత్తింది. వదిన వేళ్ళు మడతలు కనిపెట్టాయి. పువ్వు మడత, గూడు మడత అని వాళ్ళే పేర్లు పెట్టుకున్నారు. ఒక రేకుని చుట్టి, మడిచి, మళ్ళీ చుట్టి అగ్గిపుల్లంత చేసేది. దాన్ని తెర మీద వదిలితే నీళ్ళలో మొగ్గలా విచ్చుకునేది. కంప్యూటరు ప్రతి కదలికనీ పట్టుకుని, ఎక్కడో మిషను చేత నిజం అతుకుని అలాగే మడిపించేది. ఒక పసిపిల్ల గుండెలో ఆ అతుకు విచ్చుకుందని కబురొచ్చిన రోజు ల్యాబులో అందరికీ మిఠాయి పంచారు. ఏం మిఠాయో చెప్పాలా? మా ఊరి పూతరేకులే. ఆ పసిపిల్ల ఫొటో గోడకి పెట్టారు. వదిన వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దానికి దణ్ణం పెట్టుకునేది.

ఆ పిల్ల బతికింది. ఆ తర్వాత ఇంకొందరు బతికారు. అది అబద్ధమని నేను అనను. నా గొడవ బతికినవాళ్ళతో కాదు.

ఇంట్లో మొదట బయటపడింది జడ దగ్గర. వదిన కూతురు కుసుమ నాలుగో తరగతి. పొద్దున్నే బడికి రెండు జడలు.

"అమ్మా, ఏంటీ జడ! ఒకపక్క లావు, ఒకపక్క సన్నం."

"పాయ దొరకట్లేదే. కదలకుండా కూర్చో."

"కదల్లేదు. నువ్వే రెండు పాయలు కలిపేశావ్."

నూనె ఎక్కువై జారుతోందేమో అనుకున్నాం. తర్వాత చేప దగ్గర. కుసుమకి ముల్లు తీసి పెట్టడం వదినకి చిన్నప్పట్నించీ అలవాటు. అన్నంలో వేలితో ఒత్తి చూసి, ముల్లు లేదని తేలాకే ముద్ద చేసేది. ఆ ఆదివారం ముద్ద నోట్లో పెట్టగానే పిల్ల ఉక్కిరిబిక్కిరి అయింది. గొంతులో అంత పొడుగు ముల్లు. అరటిపండు మింగించి, వీపు చరిచి, నానా అవస్థా పడ్డాం. అన్నయ్య కోపంతో ఊగిపోయాడు.

"కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావే?"

"చూశానండి. ఒత్తి చూశానండి" అని తన చేతినే చూసుకుంటూ కూర్చుంది.

ఆ తర్వాత కుండ. సెలవు రోజున ఒకళ్ళెవరో పెళ్ళికని అడిగితే పొయ్యి వెలిగించింది. నేను బెల్లం తురుముతున్నాను. కుసుమ గుమ్మంలో కూర్చుని పలక మీద ఏదో గీస్తోంది. ఉన్నట్టుండి తలెత్తింది.

"అమ్మా, ఏదో మాడుతోంది."

"గుడ్డ అయ్యుంటుందే" అంది వదిన.

గుడ్డ కాదు. నేను వెళ్ళి చూసేసరికి ఆమె కుడిచేతి రెండు వేళ్ళు కుండకి ఆని ఉన్నాయి. పొర లేపుతున్నానని అనుకుంటోంది. పొర ఎప్పుడో లేచిపోయింది. నేను చెయ్యి పట్టి లాగితే చర్మం కొంచెం కుండ మీదే ఉండిపోయింది. వదిన అరవలేదు. ఏడవలేదు. ఎవరిదో చెయ్యి తన ఒళ్ళో పడినట్టు దాన్ని చూసింది.

"నొప్పి లేదే తాయారూ" అంది. అంత భయపడ్డ గొంతు నేనెప్పుడూ వినలేదు.

కాలిన చేతికి కట్టు కట్టాం. వెళ్ళొద్దన్నాను. మర్నాడు వ్యాను టైముకి చూస్తే వంతెన మీదుంది. నేనూ ఎక్కాను. ల్యాబులో ఆమె కట్టున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేతి వేళ్ళు తడిపి, బల్ల మీద పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. కళ్ళు మూసుకుంది.

"ఇక్కడ తెలుస్తోందే. అంచు తెలుస్తోంది. గరుకు తెలుస్తోంది. తాయారూ, ఇక్కడ మాత్రం అన్నీ తెలుస్తున్నాయే!"

అక్కడ మాత్రమే ఎందుకు తెలుస్తోందో హిమజ చెప్పింది. కాంటీన్ వెనకాల నిలబెట్టి, అటూ ఇటూ చూస్తూ చెప్పింది.

"అక్కా, పై నరాలు చచ్చుబడ్డాయి. బల్ల కరెంటు లోపలి నరాల దాకా పోతోంది కాబట్టి అక్కడ మాత్రం తెలుస్తోంది. వాటికీ తెలియడం తగ్గినప్పుడల్లా వీళ్ళు కరెంటు పెంచుతున్నారు. మీకు చెప్పకుండా."

"పెంచుకుంటూ పోతే?"

ఆ అమ్మాయి తనే వదినని కాకినాడలో నరాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ పని చేసినందుకు మర్నాడు తన సీటు ఖాళీ చేయించారు.

డాక్టరమ్మ సూదితో గుచ్చింది, దూదితో రాసింది, చన్నీళ్ళలో ముంచింది. వదిన కళ్ళు మూసుకుని "లేదండి, లేదండి" అంటూనే ఉంది.

"కరెంటు అసలు తగలకుండా ఉంటే కొంత తిరిగి రావొచ్చు. ఏడాదో, రెండేళ్ళో. వస్తుందని ఖాయంగా చెప్పలేను" అంది డాక్టరమ్మ. "మళ్ళీ ఆ బల్ల మీద చెయ్యి పెడితే రాదని మాత్రం ఖాయంగా చెప్తాను."

అన్నయ్య, నేను, వదిన, కుసుమ నలుగురం ల్యాబుకి వెళ్ళాం. ప్రశాంత్‌గారు ఏసీ గదిలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించారు. ఆ గదిలోనూ ఒక అద్దం బల్ల, దాని పక్కన తెర ఉన్నాయి.

"పొడి చేతులతోనే వాడాలని రూల్స్‌లో ఉందండీ."

"మరి స్పాంజి ఎందుకు పెట్టారండీ?" అన్నాను.

"అది వేళ్ళు తుడుచుకోవడానికి."

"తడి స్పాంజితోనా? మీ ఇంట్లో స్నానం చేసొచ్చి తడి తువ్వాలుతో తుడుచుకుంటారా?"

ఆయన ఫోను చూసుకున్నాడు. అప్పుడు కౌండిన్యగారు లోపలికొచ్చాడు. నేను కేకలేస్తానని తెలిసి నా వైపు చూడలేదు. తిన్నగా వదిన ముందు కూర్చున్నాడు. ఆయన గొంతులో నిజంగా బాధ ఉంది. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

"వీరవేణిగారూ, జరిగింది జరిగింది. మీ స్పర్శ బయట లేదు, కానీ ఈ బల్ల మీద ఉంది. ఒక బల్ల మీ ఇంట్లోనే పెట్టిస్తాను. మీకు వీలున్నప్పుడు మడతలు వెయ్యండి. మిగతా టైమంతా బల్ల మీదే. మీరు ఏది ముట్టుకోవాలనుకుంటే అది అందులో పెట్టిస్తాను."

"ఏదైనానా అండీ?" అంది వదిన.

ఆయన కుసుమని దగ్గరికి పిలిచాడు. చేతిలో చిన్న దీపంలాంటిదేదో ఉంది. దాన్ని పిల్ల ఎడమ చెంప మీదుగా మెల్లగా జరిపాడు. నొప్పి లేదు, ఏం లేదు. పిల్ల కితకితలకి నవ్వింది కూడా. ఆయనకి లోకంలో ఉన్నదంతా కాగితమే. చెంపంటే వంపు తిరిగిన కాగితం. బల్ల పక్క తెర మీద ఆ వంపు లేచి నిలబడింది.

"వేళ్ళు తడుపుకోండి" అన్నాడు.

ఈ మాట ఆయన నోటితో అన్నాడు. నలుగురం విన్నాం. ప్రశాంత్‌గారు కూడా విన్నాడు.

వదిన వేళ్ళు తడిపి, కళ్ళు మూసుకుని అద్దం మీద పెట్టింది. వేళ్ళు మెల్లగా పైకెళ్ళాయి. చెవి దగ్గర ఆగాయి. కుసుమకి ఆటలమ్మ పోసినప్పుడు అక్కడ చిన్న గుంట పడింది. వేలు ఆ గుంటలో తిరిగింది. వదిన మొహం అంతా నీళ్ళు. గుంట చుట్టూ వేలు తిరుగుతూనే ఉంది. ఎన్నాళ్ళ తర్వాత పిల్లని ముట్టుకుంది ఆ తల్లి!

అన్నయ్య ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "ఒప్పుకో వీరవేణీ. ఏదో ఒకటి తెలియనీ నీకు. ఏదీ తెలియకుండా ఎలా బతుకుతావే."

అప్పుడు కుసుమ తల్లి మోచెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నేనిక్కడున్నా."

వదిన కళ్ళు తెరవలేదు. కుసుమ తల్లి చేతిని అద్దం మీంచి ఎత్తి తన చెంప మీద, అదే గుంట మీద పెట్టుకుంది. వదిన వేళ్ళు అటూ ఇటూ కదిలాయి. చలిమంట ఆరిపోయాక బూడిద కెలికినట్టు కదిలాయి. ఆమె మొహంలో ఉన్న వెలుగంతా పోయింది.

"ఏం తెలీట్లేదమ్మా" అంది.

కుసుమ బల్ల పక్క తెర వైపు చూసింది. అక్కడ తన చెంప నిలబడే ఉంది.

"సార్, దాంట్లో నేను పెద్దవుతానా?"

కౌండిన్యగారు తడబడ్డాడు. "ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్ళీ తీసుకోవచ్చమ్మా. పుట్టినరోజు పుట్టినరోజుకీ తీసుకుందాం."

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. ఆయన వైపు తిరిగింది. "ఒక్క మాట అడుగుతానండి. ఈ బల్ల మీద కూడా తెలియడం తగ్గిపోతే కరెంటు పెంచుతారంటగా. అలా పెంచుకుంటూ ఎందాకా పోతారండీ? ఆ తర్వాత నాకు ఏవుంటదండీ?"

ఆయన ఆమె కళ్ళలోకి చూడలేదు. చేతుల్ని చూశాడు. అవి ఇంకా తడిగా ఉన్నాయి.

"పదండి" అంది వదిన. లేచింది.

ఇక్కడితో అయిపోతే నేను ఇదంతా చెప్పనక్కర్లేదు. ట్రాలీలో ఇంటికొస్తుంటే నా చెవి దగ్గర చెప్పింది. "అది నిజంగా దాని చెంపేనే తాయారూ. ఆ గుంట కూడా అలాగే ఉంది. రేపు మళ్ళీ వెళ్తానంటాను. నన్ను వెళ్ళనీకు. కాళ్ళు పట్టుకున్నా వెళ్ళనీకు."

వెళ్తానంది. కాళ్ళూ పట్టుకుంది. "ఒక్కసారి వెళ్ళొస్తానే, ఒక్కసారి దాని చెంప ముట్టుకుని వచ్చేస్తానే" అని నా ముందు కూలబడి ఏడ్చింది. నేను కసిరాను. అన్నయ్య ఒకరోజు జాలిపడి ట్రాలీ ఎక్కించుకుని సగం దూరం తీసుకెళ్ళాడు. కుసుమ వెనకాల సైకిల్ తొక్కుకుంటూ వచ్చి బండి ముందు అడ్డంగా నిలబడితే తిప్పుకొచ్చాడు. నన్ను బూతులు తిట్టింది వదిన. నా జన్మలో వినని బూతులు. సాయంత్రం తనే వచ్చి, "తిట్టాను కదే, బువ్వ తిన్నావా?" అని అడిగింది. ఏడాదో రెండేళ్ళో అలా కాపలా కాయాలి మేము. ఆ తర్వాత కూడా తిరిగి వస్తుందో రాదో తెలీదు. బల్ల మాత్రం రోజూ వెలుగుతూనే ఉంటుంది, గంట దూరంలో, ఆమె కూతురి చెంపని లోపల పెట్టుకుని.

నాగరత్నం పిన్నిని కాపలా కాసేవాళ్ళు లేరు. ఆవిడ ఇప్పటికీ వ్యాను ఎక్కుతోంది. "తిట్టకే తాయారూ. అన్నం కలుపుకుంటే అన్నం తెలీదు. నీళ్ళు పోసుకుంటే నీళ్ళు తెలీవు. అక్కడ కూర్చుంటే నాకు చేతులున్నాయని తెలుస్తోంది" అంటోంది. ఆవిడతోపాటు ఊరి ఆడవాళ్ళు ఇంకా చాలామంది పోతున్నారు. తిండి కోసం కొందరు. చేతుల కోసం కొందరు.

పోయిన వారం కౌండిన్యగారి మనుషులు నర్సాపురం వైపు తిరుగుతున్నారని తెలిసింది. అక్కడ లేసు అల్లే ఆడవాళ్ళ వేళ్ళు చూస్తున్నారట. వెల్లకిలా తిప్పి, కొసలు చూస్తున్నారట.

గుండె జబ్బు పిల్లలు ఏమైపోవాలి అని నన్ను అడుగుతున్నారు కొందరు. పొడి వేళ్ళతో, తక్కువ కరెంటుతో అదే మడత పడుతుందని హిమజ ల్యాబులో ఉండగానే చేసి చూపించింది. పడుతుంది. నెమ్మదిగా పడుతుంది. నెమ్మదిగా చెయ్యండి. మీ కంగారుకి మా చేతులు కాల్చకండి. పిల్లల్ని అడ్డం పెట్టుకుని మాట్లాడకండి. మాకూ పిల్లలున్నారు. వాళ్ళ చెంపలు మాకు తెలియట్లేదు.

ఇంక చెప్పేది ఒక్కటే. రేపు పొద్దున్న కాలవ వంతెన మీద మేం కూర్చుంటాం. వ్యాను మా మీంచి పోవాలి. నర్సాపురం అక్కల్లారా, మీ ఊరికి వ్యాను వస్తే ఎక్కకండి. టైర్ల కింద రాళ్ళు పెట్టండి. బాగుచేస్తామని ఎవరు మాట ఇచ్చినా నమ్మకండి. రిబ్బను కత్తిరించిన పెద్దలూ, మీ కత్తెర మీ దగ్గరే ఉందిగా, పట్టుకుని రండి, ఈసారి తీగ కత్తిరించండి. మా ఆడవాళ్ళ వైద్యం ఆ కంపెనీ చేతే చేయించండి, వేళ్ళు తిరిగొచ్చేదాకా వాళ్ళ ఇళ్ళు నడిపించండి, రాకపోతే బతికినంతకాలం నడిపించండి. బల్ల లోపల ఉన్న మా కుసుమ చెంపని చెరిపెయ్యండి.

కౌండిన్యగారూ, కమిటీ వేస్తామని కబురు పంపారు. వద్దు. ముందు ఆ బల్లలకి కరెంటు తీసెయ్యండి. ఇవాళే తీసెయ్యండి. తీశాక రండి, మాట్లాడదాం.